శారద పేరుతో వైద్యం

నేను ఆడిన అబద్ధాల్లో అన్నిటికన్నా చిన్నదానికి మూడే అక్షరాలు. నన్ను అడ్డంగా పట్టించింది కూడా అదే. చెబుతాను, మీరు నవ్వుకోండి.

తెలంగాణ ఉద్యమం రోజులు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. నా గదిలోనే ఉండే శారదది భీమవరం. బంద్‌ల మీద బంద్‌లు వచ్చి కోచింగ్ మూతపడింది. వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లారు. "అంతా సర్దుకున్నాక వచ్చేస్తానే," అంది. రాలేదు.

ఆమె వెంటే నా ఆకలీ నిద్రా కూడా బస్సెక్కేశాయి. పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల్లా పారిపోయేవి. ఛాతీ మీద సిలిండర్ పెట్టినంత బరువు. గ్యాసే అనుకుని వీధిలో దొరికిన సోడాలన్నీ తాగేశాను. చివరికి ఎల్బీనగర్‌లో గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"గుండె మంచిగనే ఉందమ్మా. మానసిక డాక్టర్‌కు చూపెట్టుకో."

"నాకు పిచ్చి లేదు సార్."

"ఉందని నేనన్ననా?"

అలిగి వచ్చేశాను. ఇంకో రెండు నెలలు ఆ పౌరుషమే తిని బతికాను. ఆఖరికి హాస్టల్ ఆంటీ నిలదీసింది. "ఏంది బిడ్డా, గిట్ల ఎండిపోయినవ్? దవాఖానకు నువ్వే పోతవా, నేను గుంజుకపోవాల్నా?"

ముఖానికి చున్నీ చుట్టుకుని మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. కాంపౌండరు పేరు అడగ్గానే, తెలిసినవాళ్లు వింటారేమోనని "శారద" అనేశాను. నోటికి వచ్చిన పేరు అదొక్కటే మరి.

డాక్టరు పెద్దాయన. "చెప్పు శారదమ్మా, ఏం పరేషాన్?"

"నా దోస్తు ఊరికి పోయింది సార్. అప్పటి సంది నిద్ర పడ్తలేదు."

"ఆమె పేరేంది?"

"శారద."

ఆయన కలం ఆగింది. "మరి నీ పేరు?"

"శారద."

"అంటే, పోయింది నువ్వేనా?"

నవ్వబోయాను, ఏడుపొచ్చింది. "సగం పోయిన సార్. నా పేరు సునీత."

ఆయన నవ్వలేదు. "రెండు వారాలు తిండి, నిద్ర, చదువు పాడైనయంటే అప్పుడే రావాలె. ఒక్కదానివే ఎందుకు మోసినవమ్మా?"

వారం వారం వెళ్లాను. మెల్లగా నిద్ర పట్టింది, అన్నం రుచించింది. చీటీ మీద పేరు మాత్రం మార్పించలేదు. కాంపౌండరు "శారదా" అని పిలిచినప్పుడల్లా, లేచేముందు ఒకసారి గుమ్మం వైపు చూసేదాన్ని.

కనుక పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై మనసు బాగాలేకపోతే ఆలస్యం చేయను, ముఖం దాచుకోను, సొంత పేరే చెబుతాను. ఎవరైనా బజార్లో "శారదా" అని కేకేస్తే మాత్రం ఇప్పటికీ నేనే ముందు వెనక్కి తిరుగుతాను. దానికి మందు లేదన్నారు డాక్టరు గారు.