దానియేలన్న చెవిలో అర స్వరం

నేను ముప్పై ఏళ్ళుగా మోస్తున్న బరువు తూకం వేస్తే వంద గ్రాములుండదు. అగ్గిపెట్టెంత ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు. నా చేత్తోనే చేశాను.

తొంభైల్లో, ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే పేటలో మా ఆర్కెస్ట్రాకి గాయకుడు దానియేలన్న. పగలు వర్క్‌షాపులో రేకుల మీద సుత్తి, సాయంత్రం మా మీద. నేను కీబోర్డు. పూజా పందిళ్ళలో ఢాక్ డోళ్ళ మోతకి అతనికి శ్రుతి వినబడేది కాదు. అందుకని నా చిన్న కీబోర్డుకి ట్రాన్స్‌మిటరు తగిలించాను. అతని నడుముకి జేబు రేడియో, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు. పెద్ద కీబోర్డు జనానికి, చిన్నది అతనొక్కడికే.

ఒక క్రిస్మస్‌కి నేనో పాట కట్టి, పాడబోయాను. మైకు లాక్కున్నాడు.

"ఈడికి దేవుడు సేతులిచ్చినాడు, గొంతు మర్సిపోనాడు!"

హాలంతా నవ్వింది. ముందు వరసలో మా అమ్మ కూడా.

బిడ్డకి తొమ్మిది నెలలు చాలు. నా పగకి పది పట్టాయి. దసరాకి కలకత్తా నుంచి క్యాసెట్ల కంపెనీ మనిషి అతని పాట వినడానికి వచ్చాడు. ఎవరైనా చెవిలో పువ్వు పెడతారు. నేను అర స్వరం పెట్టాను. చిన్న కీబోర్డు మీద శ్రుతి అర స్వరం పైకి జరిపాను, అంతే. అతను దాన్ని నమ్ముకుని, ఎంత కచ్చితంగా పాడాడో అంత కచ్చితంగా తప్పాడు. జనం ఈలలు వేశారు. కలకత్తా మనిషి రెండో పాటకి లేడు.

పందిరి వెనక ఇయర్‌ఫోన్లు నా చేతిలో పెట్టాడు.

"ఏటైనాది తమ్ముడూ? మిషను పాడైనాదా?"

"మిషను ఠీక్ హై, అన్నా."

"అయితే నా సెవే పోనాది. ఆ సుత్తి తినేసినాది." నడుము నుంచి రేడియో కూడా విప్పి ఇచ్చాడు. "మిగతావోళ్ళు మొకమాటానికి సెప్పరు. నువ్వు నిజం సెప్పినావు."

అప్పుడైనా నోరు విప్పొచ్చుగా? విప్పలేదు. అతను మళ్ళీ పాడలేదు. చర్చిలో పెదాలు మాత్రం కదిపేవాడు. వెనక వరసలోంచి చూసేవాణ్ణి. దాచడమెందుకు, తియ్యగా ఉండేది. తర్వాత్తర్వాత? కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గిందని మీతో అబద్ధమాడలేను.

చెవి పోయిందని తనే చెప్పుకోవడంతో, ఊరంతా అతనితో గట్టిగా మాట్లాడుతుంది. నిన్న న్యూ సెటిల్‌మెంట్ పేటలో ఎదురైతే నేనూ అరిచే పలకరించాను.

అతని చెవి బంగారంలా ఉంది. ఈ మాట ఇన్నాళ్ళకి మీ ఒక్కరితో అన్నాను, అదీ మెల్లగా.