ఖాళీ అయిన సీటు

నా చిన్నప్పుడు భిలాయిలో ఆడపిల్లకి నర్సు ట్రైనింగులో సీటు వచ్చిందంటే ఆ ఇల్లు ఒడ్డున పడ్డట్టే. అందుకే ఒక్కో సీటుకి ఊరూరి నుంచీ పిల్లలు ఎగబడేవారు. మా పక్కింటి అక్క అప్పటికి మూడోసారి పరీక్ష రాసింది. ఈసారి వెయిటింగులో మొదటి పేరు తనదే. ఎంపికైనవాళ్ళలో ఒక్కరు మానుకుంటే చాలు, అక్క నర్సు. మానుకోకపోతే మళ్ళీ ఏటికి వయసు దాటిపోతుంది, ఇక అంతే సంగతులు.

అప్పుడు చూడాలి అక్క వాళ్ళమ్మ భక్తి! రోజూ దీపం పెట్టి, ఎవరో ఒక పిల్ల చేరకుండా చూడమని దేవుణ్ణి పైకే అడిగేది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. మాకు జ్వరమొస్తే ముందు జావ కాచి తెచ్చేది ఆవిడే. కూతురి బతుకు ఒక్క సీటుకి వేలాడుతుంటే ఏ తల్లి మాత్రం ఇంకేం అడుగుతుంది?

ఒకరోజు అక్క వాళ్ళ నాన్న డ్యూటీ నుంచి కబురు తెచ్చాడు. సీటొచ్చిన ఒకమ్మాయి మా ఊరికి దగ్గర్లోనే నందిని అనే ఊళ్ళో గనుల కాలనీలో ఉంటుందట, కామెర్లు ముదిరి మంచం పట్టిందట, ఇంకా చేరలేదట. ఆ పూటే అక్క వాళ్ళింట్లో పరవాన్నం వండారు. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినాడంట ఇంకొకడు," అని మా నాయనమ్మ గోడకివతల గొణిగింది. అక్క ఆ గిన్నె ముట్టలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని నందిని బస్సెక్కింది.

ఆ పిల్ల కళ్ళు పసుపు రాసినట్టున్నాయి. మంచం కింద కొత్త తెల్ల బూట్లు, ట్రైనింగు కోసం కొన్నవి. "ట్రైనింగు స్కూలు నుంచొచ్చినారేటక్కా? నా సీటుంచుతారా?" అని అడిగింది. అక్క మంచం పక్కన కూచుంది. "ఉంచుతారు. నువ్వు లెగిసి రాయే," అంది. తర్వాత దాని ఒళ్ళు తుడిచి, తల చిక్కు తీసి జడ వేసింది. అప్పటినుంచి రోజూ వెళ్ళేది. ఇంట్లో వాళ్ళమ్మ నెత్తి కొట్టుకుంది. "అది లెగిస్తే నీ గతేటే?"

"లెగిస్తే లెగనీయమ్మా," అంది అక్క.

ఆ పిల్ల లేవలేదు, ఆ మంచంలోనే పోయింది. సీటు అక్కకే వచ్చింది. తనెవరో, ఆ సీటు తనకే వచ్చిందనీ అక్కే వెళ్ళి ఆ పిల్ల తల్లికి చెప్పుకుంది. ఆవిడ లోపలికెళ్ళి ఆ బూట్లు తెచ్చి అక్క చేతుల్లో పెట్టింది. అవి అక్క కాళ్ళకి పెద్దవి. వేళ్ళ దగ్గర దూది కుక్కుకుని, ట్రైనింగుకి అవే వేసుకుని వెళ్ళింది. వేరేవి కొంటామన్నా ఒప్పుకోలేదు.

ఇప్పుడు మా మనవరాలు నర్సింగు సీటు కోసం వెయిటింగులో ఉంది. పొద్దస్తమానం ఫోను చూసుకుంటూ, "బస్, ఇంకొక్కరు తప్పుకుంటే అయిపోతాది నానమ్మా," అంటుంది. దానికి సీటు రావాలని నాకూ ఆశే, దాచడమెందుకు. కానీ దేవుడి ముందు చేతులు జోడించగానే ఆ దూది కుక్కిన బూట్లు కళ్ళముందుకొస్తాయి. మా పిల్లకి సీటియ్యి స్వామీ, ఆ సీటు ఎవరిదో ఆ పిల్లనీ చల్లగా చూడు, అంటాను. రెండూ ఒకచోట కుదరవని నాకు తెలుసు. అయినా రెండూ అడుగుతాను.