నాడె ఇచ్చి తెచ్చుకున్న టోపీ

సిరిసిల్ల దోస్తులూ, మన గల్లీ సరిత నిన్న పెట్టిన ఫోటో చూశారా? వాళ్ళ బాపు నేవీలో పనిచేసిన చిన్న గస్తీ పడవలను ఒక్కొక్కటిగా సేవ నుంచి తప్పిస్తున్నారట. ఆయన పడవ ఫోటోకు ఫ్రేము కట్టించి షోకేసులో పెట్టుకున్నారు.

ఆ పడవంటే చిన్నప్పుడు నాకెంత కుళ్ళో మీకు తెలుసు. ఆయన సెలవు మీద వస్తే మనమంతా అరుగు మీద చుట్టూ చేరేవాళ్ళం. "మాది చిన్న బోటు బిడ్డా. అల లేస్తే పొయ్యి మీద గిన్నె నిలువది. అటుకులు బుక్కుకుంటనే చేపల పడవలన్ని చెక్ జేసెటోళ్ళం" అనేవాడు. మా బాపు మాత్రం పొద్దంతా బట్ట నేసే సాంచె దగ్గరే. ఒంటి నిండా దూది.

వాళ్ళ బాపు తెల్ల టోపీని సరిత ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఒక్క పూట పెట్టుకోవడానికి నేను మా సాంచె మీద పోగును అటూ ఇటూ మోసే నాడె తీసి సరితకిచ్చాను. రెండు కొసలూ మొనదేలి అచ్చం పడవలా ఉంటుందని మురిసిపోయింది. టోపీకి కొబ్బరినూనె వాసన, కొంచెం ఉప్పు వాసన.

నాడె లేక ఇక్కడ మా ఇంట్లో సాంచె ఆగింది. బాపు కొట్టలేదు. "నాడె ఇచ్చి టోపి తెచ్చుకున్నవా?" అని అడిగి, నా నెత్తి మీద వంకరగా ఉన్న టోపీని సరిచేసి, ఇంకో నాడె వెతుక్కోవడానికి పోయాడు.

నిన్న సరిత పెట్టిన ఆ ఫోటోను పెద్దది చేసి చూశాను. షోకేసులో పడవ పక్కనే మా నాడె. మా సాంచెలు తుక్కుకు పోయాయి, బాపూ పోయాడు. ఇంట్లో ఒక్క నాడె మిగల్లేదు.

సరితా, నీ మీద కుళ్ళు నాకింకా పోలేదు. నీ టోపీ ఆ సాయంత్రమే తిరిగిచ్చేశాను, గుర్తుందా?