గుమ్మం మీద నర్సమ్మ

ఉప్పలగుప్తం చుట్టుపక్కల కనకరత్నం నర్సమ్మగారిని ఎరగనివాళ్ళు లేరు. ముప్పై మూడేళ్ళు భుజాన మందుల సంచీ, చేతిలో గొడుగూ పట్టుకుని కాలవగట్టంట ఇల్లిల్లూ తిరిగిన మనిషి. మాత్రలు మింగకుండా దాచేవాళ్ళనీ, పుండు కనపడకుండా చీర కప్పేసుకునేవాళ్ళనీ ఆవిడ బతిమాలేది కాదు. తిన్నగా వెళ్ళి వాళ్ళ గుమ్మం మీద కూర్చునేది. గుమ్మం మీద మనిషి కూర్చుంటే ఇంటివాళ్ళకి ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకవూ! "లెగండి నర్సమ్మగారూ, మీకు పుణ్యముంటుంది" అని మొత్తుకుని, చచ్చినట్టు దారికొచ్చేవారు.

అబ్బ, ఏం రోజులవి! వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ తిట్టినవాళ్ళే కొబ్బరిబొండం కొట్టిచ్చేవారు. ఇప్పుడు రిటైరై నాలుగేళ్ళయింది. తనకే షుగరొచ్చింది. కుడికాలి చిటికెనవేలు పదిరోజులుగా నల్లబడుతోంది. అదేవిటో ఆవిడకి తెలీకేం? తెలుసు కాబట్టే భయం. ఆస్పత్రికెళితే వేలు తీసేస్తారని, నడక పోతుందని. నడక లేని కనకరత్నం ఇంకేం కనకరత్నం!

ఆ గురువారం కొత్త నర్సు వెంకటదుర్గ వచ్చింది. కాలవ అవతల అచ్చాయమ్మగారి మనవరాలు.

"మాత్రలు వేసుకుంటున్నారాండీ?"

"ఆయ్, పూటపూటా."

"కాళ్ళు ఓసారి చూపించండి."

"కాళ్ళకేం, గుండ్రాళ్ళలా ఉన్నాయి. చెప్పు కరిచిందంతే" అంటూ చీర కిందకి లాక్కుంది.

దుర్గ బ్యాగు పక్కన పెట్టి గుమ్మం మీద కూలబడింది.

"ఓసి పిడుగా! నా విద్య నా దగ్గరేనా? లే ముందు!"

"లేవనండీ. మీరిలా కూర్చోబట్టే మా మామ్మ కాలు దక్కిందండీ. పోయేదాకా అదే చెప్పుకునేదండీ."

ఆవేళ అచ్చాయమ్మ ఎన్ని తిట్లు తిట్టిందనీ! ఆ తిట్ల వెనక ఇంత భయముందని కనకరత్నానికి ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది. కళ్ళు చెమర్చేయి. మెల్లిగా కాలు ముందుకి చాపింది.

"వేలు తీసేస్తారంటావా అమ్మా?"

దుర్గ వేలు చూసింది. "తెలీదండీ. ఇవాళే అమలాపురం వెళ్ళాలండీ. నేనూ మీతో వస్తాను."

ఆటో వచ్చింది. దుర్గ చెయ్యి పట్టుకుని గుమ్మం దాటబోతూ కనకరత్నం ఆగిపోయింది.

"తలగడ కింద మాత్రలున్నాయి, పట్రా అమ్మా" అంది తల వంచుకుని. "నెల్లాళ్ళవి. ఒక్కటీ మింగలేదు."