పీకి చూసే పిన్ని

మా పిన్నికి ఒక్కటే జబ్బు. ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో తెలియకపోతే, దాన్ని పీకేసి, ఎవరు అరుస్తారోనని చెవులు రిక్కించి వింటుంది. అరిచినవాళ్లదే ఆ వైరు.

జబ్బని నేనంటున్నాను గానీ, ఆవిడ దృష్టిలో అది శాస్త్రం. "వైరుకి అంటించిన చీటీ అబద్ధం చెప్తుందిరా. గోడమీద మ్యాపు అబద్ధం చెప్తుంది. కడుపు మండినవాడి అరుపు మాత్రం అబద్ధం చెప్పదు" అంటుంది.

ఒకరోజు మా బాబాయి కరెంటు మిషనుతో గడ్డం గీసుకుంటుండగా, హాల్లో స్విచ్చిబోర్డు వెనకనుంచి పిన్ని ఏదో పీకింది. బాత్రూంలోంచి పెద్ద కేక వినిపించింది. "ఓహో, ఇది బాత్రూందన్నమాట" అని తృప్తిగా తలాడించి, మళ్లీ పెట్టడం మరిచిపోయి కూరగాయలకి వెళ్లిపోయింది. బాబాయి ఆ పూట ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ గరుగ్గా బ్యాంకులో కూర్చున్నాడు. కౌంటరుకి ఎడంపక్కనుంచి వచ్చినవాళ్లు పెళ్లికొడుకులా ఉన్నారన్నారు. కుడిపక్కనుంచి వచ్చినవాళ్లు ఇంట్లో అందరూ కులాసానేనా అని మెల్లిగా పరామర్శించారు.

అసలు ఆయన పెళ్లే అలా జరిగింది. పరిచయమైన కొత్తలో ఇద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకునేవారట. ఉన్నట్టుండి పిన్ని ఫోనెత్తడం మానేసింది. మర్నాటికల్లా ఈయన వాళ్ల గేటు ముందు నిలబడి అరిచాడు. పిన్ని వెంటనే ఖాయం చేసేసుకుంది.

"ఆ రోజు నోరు మూసుకుని ఉంటే బతికిపోయేవాణ్నిరా" అంటాడు బాబాయి ఇప్పటికీ, ఆవిడ దగ్గర్లో లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని.

పిన్నీ నేనూ ఒకే కంపెనీలో పనిచేస్తాం. యంత్రాల్ని నడిపించే చిన్న చిన్న కంప్యూటరు డబ్బాలు తయారుచేస్తాం. ఆవిడ అక్కడ పెద్ద ఇంజినీరు. నేను పెద్ద ఇంజినీరుగారి అక్కకొడుకుని. "మీ పిన్ని ఇక్కడ ఏం పీకుతుంది?" అని కొత్తవాళ్లు వెటకారంగా అడుగుతుంటారు. "వైర్లు" అని ఉన్నమాట చెప్తాను.

కంపెనీలో ఏది ఆగినా ముందు మా ఓనరుగారి గర్జన వినబడుతుంది. ఆ వెనకే పిన్ని గొంతు.

"నేనే పీకాను సార్, ఎవరు అరుస్తారో చూద్దామని."

"అరిచింది నేనే!"

"అయితే ఇది మీదన్నమాట."

ఓనరుగారు నెత్తి కొట్టుకుని లోపలికి పోతారు. పిన్నిని తీసేసే ధైర్యం ఆయనకి లేదు. ఆ భవనంలో ఏ వైరు ఎక్కడికి పోతుందో తెలిసిన మనిషి ఆవిడొక్కతే మరి. అందరి అరుపులూ విన్నది ఆవిడే.

ఇలా ఉండగా మా డబ్బాలన్నింటికీ కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాల్సి వచ్చింది. ఆ పని కొత్తావిడకి అప్పగించారు. పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండి, మళ్లీ ఇప్పుడే చేరిన మనిషి. "కొన్నాళ్లు చూస్తాం, తేడా వస్తే ఇంటికే" అని ఓనరుగారు మొహాన్నే చెప్పి తీసుకున్నారు. దాంతో ఆవిడ కీబోర్డుని కూడా అనుమతి అడిగినట్టు నొక్కేది.

గుడ్లు పొదిగే ఫారం ఒకటి మాకు పాత ఖాతా. అక్కడ మా డబ్బాకి రెండు సాకెట్లుంటాయి. ఒకదానికి గుడ్ల హీటర్లు, రెండోదానికి ఇంటర్నెట్టు. డబ్బా ఆన్ కాగానే ముందు నిద్రలేచిన సాకెట్‌కి సున్నా అని పేరు, తర్వాత లేచినదానికి ఒకటి అని పేరు. పాత సిస్టం వాటిని ఎప్పుడూ ఒకే వరసలో లేపేది. కొత్తదానికి ఆ క్రమశిక్షణ లేదు, ఎవరికి ముందు మెలకువ వస్తే వాళ్లే సున్నా. కొత్తావిడ బల్లమీద పెట్టి చూసినప్పుడు అంతా సవ్యంగానే ఉంది. ఫారంలో ఓసారి కరెంటు పోయి వచ్చేసరికి మాత్రం ఒకటోవాడు ముందు లేచి కూర్చున్నాడు. పేర్లు తారుమారయ్యాయి. డబ్బా "వేడి పెంచు, వేడి పెంచు" అని లోకానికంతటికీ చెబుతోంది, గుడ్లకి మాత్రం చెప్పే దిక్కు లేదు.

ఫారం ఆయన ఫోన్ చేసేటప్పటికి మేం ఆఫీసులో లేము. పిన్నికి దవడ పన్ను తీయించడానికి పొద్దున్నే నేనే కారులో తీసుకెళ్లాను. తిరిగొచ్చి తలుపు తీసేసరికి ఓనరుగారు చేతిలో ఫోనుతో హాలు మధ్య నిలబడి ఊగిపోతున్నారు.

"గుడ్లన్నీ చల్లబడిపోతున్నాయట! ఆ సిస్టం ఎక్కించిందెవరు?"

కొత్తావిడ లేచి నిలబడింది.

"మీరు ఇక రేపట్నుంచి..."

"నేనే ఫీకాను ఫార్" అంది పిన్ని, బుగ్గలో దూదితో.

హాలంతా ఇటు తిరిగింది.

"ఫారం ఊరవతల కదమ్మా! అక్కడికెప్పుడు వెళ్లారు?"

"వచ్చేదారిలో."

"పన్ను పీకించుకోవడానికి వెళ్లినవాళ్లు అక్కడ వైరెందుకు పీకారు?"

"ఎలాగూ ఫీకుడు ఫనిమీదే బయల్దేరాం కదా ఫార్."

ఓనరుగారు నమ్మేశారు. పిన్ని గురించి ఏం చెప్పినా నమ్మే స్థితికి ఆయన ఎప్పుడో వచ్చేశారు. వచ్చేదారిలో మేం ఆగింది మందులషాపు దగ్గర ఒక్కచోటే. నేను నోరు తెరవబోతే పిన్ని నా కాలు తొక్కింది.

బుగ్గలో దూది తీసేసి, ఆయన చేతిలో ఫోను లాక్కుని, "బాబూ, ఆ డబ్బాకున్న రెండు వైర్లూ పీకి, దీన్ని దాన్లో, దాన్ని దీన్లో పెట్టు" అంది. కాసేపటికి గుడ్లు వెచ్చబడ్డాయి, ఫారం ఆయన గొంతు చల్లబడింది. ఓనరుగారు నెత్తి కొట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

కొత్తావిడ ఇంకా నిలబడే ఉంది. "మేడం, అది మీరు కాదు, నేను..."

"కూర్చో తల్లీ. ప్రతి సాకెట్‌కీ తయారైన రోజే వేసిన నంబరొకటి ఉంటుంది, పుట్టుమచ్చలాగా. అది చూసి పేరు పెట్టు. తర్వాత ఎవడు ముందు లేస్తే మనకేంటి? అన్ని డబ్బాలకీ నువ్వే చెయ్యి."

"మళ్లీ నేనేనా?"

"ఇప్పుడు ఈ సంగతి నీకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు?"

సాయంత్రం కారులో అడిగాను. "పిన్నీ, ఇన్నేళ్లుగా నువ్వు పీకానన్నవాటిలో నిజంగా పీకినవెన్ని?"

"ఎవరు లెక్కపెట్టారు?"

"మరి ఊరికే ఎందుకు తిట్లు తింటావు?"

"అరిచేవాడికి ఎవరో ఒకరు దొరకాలిరా. నామీద అరిస్తే నాకేమవుతుంది, ఆ వైరెవరిదో తెలుస్తుంది. ఆ పిల్లమీద అరిస్తే అది ఇంక జన్మలో వైరు ముట్టుకోదు."

నాకు పిన్నిమీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. ఆవిడమీద అలాంటివి ఎక్కువసేపు నిలవవు. స్టీరింగు కింద వేలాడుతున్న వైరేదో కనబడితే ఊరికే పీకింది. హారను పోయింది. ఈసారి అరిచింది నేనే.

కొన్నాళ్లకి, అందరం పనిలో ఉండగా హాల్లో కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

"ఎవరది!" అని ఓనరుగారు గర్జించారు.

అందరి చూపూ మెల్లిగా ఆయన కాళ్లమీదికి వెళ్లింది. బల్లల మధ్యలోంచి ఫోన్ మాట్లాడుతూ నడిచొచ్చిన ఆయన చెప్పుకి మెయిన్ ప్లగ్గు వైరు చుట్టుకుని, ప్లగ్గుతో సహా ఊడొచ్చేసింది. ఆయన కూడా కిందికి చూసుకున్నారు. పిన్ని లేవబోయింది.

ఈలోగా కొత్తావిడ లేచి నిలబడింది.

"నేనే పీకానండి. ఎవరు అరుస్తారో చూద్దామని."

ఓనరుగారు ఆవిడ వైపు చూశారు. చెప్పు వైపు చూశారు. మళ్లీ ఆవిడ వైపు చూసి, గొంతు సవరించుకున్నారు.

"చూశారుగా. ఇక పెట్టేయండమ్మా."