ప్రింటర్ల మాస్టారు కామేశ్వరరావు గారు

శుక్రవారం మధ్యాహ్నం కామేశ్వరరావు గారు మా ఇంటికి భోజనానికి రాలేదు. సెలవు రోజైన శుక్రవారం ఆయన రావడం ఏళ్ళ తరబడి తప్పని ఆనవాయితీ. అన్నం చల్లారిపోతోందని మా వారిని పంపాను. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఆయన గది మాకు రెండు వీధుల అవతలే. మా వారు తిరిగి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయారు. "మాస్టారు పోయారు. నిద్రలోనే పోయినట్టున్నారు," అన్నారు. మాట చెవిన పడిందే గాని మనసు దాన్ని లోపలికి రానివ్వలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్న ఈ క్షణానికి కూడా రానివ్వడం లేదు.

అమలాపురం దగ్గర ఒక పల్లెలో లెక్కల మాస్టారుగా జీవితం మొదలుపెట్టి, నడివయసులో పట్టుదలగా కంప్యూటర్ విద్య అభ్యసించి దోహా చేరిన మనిషి ఆయన. మా కట్టడాల కంపెనీలో అందరికీ కలిపి నాలుగైదు ప్రింటర్లు ఉండేవి. ఎవరి కంప్యూటర్ నుంచి ఏ ప్రింటర్‌కి కాగితం పంపవచ్చో చూసి అనుమతి ఇవ్వడం, అవసరం తీరాక తీసెయ్యడం ఆయన విధి. వినడానికి అల్పమైన పనే. నేను మాత్రం అందులోనే ఆయన సౌజన్యమంతా చూశాను.

నేను టైపిస్టుగా చేరిన మొదటి వారం, డైరెక్టరు గారి గది పక్కనున్న కొత్త ప్రింటర్‌కి ఎన్నిసార్లు పంపినా నా కాగితం బయటికి రాలేదు. విలువైన యంత్రాన్ని పాడుచేశానేమోనని భయపడి మాస్టారికి కబురు పెట్టాను. మాస్టారు వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "తప్పు నీది కాదమ్మా. ఆ ప్రింటర్‌కి నీ పేరు తెలియదు. చెప్పవలసింది నేను, ఆలస్యం చేశాను," అన్నారు. చేరి వారమైనా కాని ఉద్యోగిని దగ్గర పెద్దవాడు తప్పు తన మీద వేసుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

అనుమతి నిరాకరించవలసి వచ్చినా ఆయన పద్ధతి అదే. రంగుల ప్రింటర్ ఇంజనీర్లకు మాత్రమేనని పైనుంచి ఉత్తర్వు వస్తే, కోపిష్ఠి అని పేరున్న ఈజిప్టు అకౌంటెంట్ బల్ల దగ్గరికి స్వయంగా వెళ్ళి, ఆయన కేకలన్నీ విని, కారణం నెమ్మదిగా చెప్పి వచ్చారు. ఫోనులో చెప్పేస్తే పోయేదిగా అని నేనంటే నవ్వారు. "యంత్రం లేదంటుంది గాని ఎందుకు లేదో చెప్పదమ్మా. చెప్పాల్సింది మనిషే." ఈ మాట ఆయన నోట చాలాసార్లు విన్నాను.

తర్వాత కంపెనీకి పనులు తగ్గాయి, మనుషుల్ని పంపెయ్యడం మొదలైంది. ఉద్యోగం పోయినవాడు కంపెనీ కాగితాలు అచ్చువేసుకుని పట్టుకుపోతాడన్న భయంతో, అతనికి కబురు చెప్పకముందే ప్రింటర్ అనుమతులు తీసెయ్యమని మేనేజరు ఆజ్ఞాపించాడు. అప్పటినుంచి ఎవరి కాగితం రాకపోతే వారికి ఉద్యోగం లేనట్టే. ముందు తనను చెప్పనివ్వమని మాస్టారు వెళ్ళి అడిగారు. మషీన్ సంగతి నీది, మనుషుల సంగతి నాది అని మేనేజరు పంపేశాడు. కాని ఆ తర్వాత ఏ పేరు వచ్చినా, మాస్టారు ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళి చెప్పి, వచ్చాకే అనుమతి తీసేవారు.

దేశానికి ఉత్తరపు కొసన ఉన్న రువైస్ రేవు పనిలో స్టోర్‌కీపర్‌గా ఉన్న రాజయ్య జగిత్యాల వైపు మనిషి. ఆ సైటు ప్రింటర్‌ని కూడా ఫోను తీగ మీదుగా దోహా నుంచే మాస్టారు నడిపేవారు. రాజయ్య పేరు వచ్చిన రోజు ఆయన కారు అడిగి తీసుకుని, ఎండలో అంత దూరం వెళ్ళి చెప్పి వచ్చారు. మర్నాడు పొద్దున్నే రాజయ్య దోహా ఆఫీసుకి వచ్చాడు. మేనేజరు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడని తలుపు ఇవతల కూర్చున్న నాకు వినపడుతూనే ఉంది. నీకు ముందే ఎవరు చెప్పారని అవతలినుంచి ఒకటే ప్రశ్న. రాజయ్య మాస్టారి పేరు చెప్పలేదు. ఆ కోపంలో, నెలాఖరు దాకా ఉండవలసినవాణ్ణి మర్నాటి విమానానికే పంపించమన్నాడు మేనేజరు.

రాజయ్య బయటికి వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు. కోపం లేదు, కన్నీళ్ళు కూడా లేవు. "మీరు మంచికే చెప్పిన్రు సారూ," అన్నాడు. "గని చెప్పకుంటె నెలాఖరుదాక నిమ్మళంగ ఉందును."

మధ్యాహ్నం మాస్టారు మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పింది తానేనని ఒప్పుకున్నారు. రాజయ్య ప్రయాణం ఆగలేదు. ఆ సాయంత్రంలోగా అనుమతుల పని కొత్తగా వచ్చిన యువకుడికి అప్పగించారు. మాస్టారికి మిగిలినవి ప్రింటర్లలో కాగితాలు నింపడం, సిరా డబ్బాలు మార్చడం. ఆయన ఆ పని కూడా శ్రద్ధగానే చేశారు. కాని శుక్రవారాలు మా ఇంట భోజనానికి కూర్చున్నా రెండు ముద్దలు మించి తినేవారు కాదు. ఒకసారి మా వారు ధైర్యం చెప్పబోయి, మీరు చేసింది ధర్మమే కదా మాస్టారూ అన్నారు. "ధర్మమే అనుకున్నానయ్యా. వాడికి మాత్రం నష్టమే చేశాను. చెప్పకపోయినా నష్టమే చేసేవాణ్ణి. మంచిచేసే దారి అక్కడ లేదు," అన్నారు.

అమలాపురంలో ఆయన భార్యకు ఫోను నేనే చేశాను. చివరిలో ఎవరైనా పక్కన ఉన్నారా అని ఆవిడ అడిగారు. లేరని చెప్పాను. పార్థివ దేహం విమానం ఎక్కిన రోజున మేం ముగ్గురం, నలుగురం వెళ్ళాం. ఆఫీసు వేళ కావడంతో మిగిలినవారికి సెలవు దొరకలేదు.

నిన్న ఒక మలయాళీ డ్రాఫ్ట్స్‌మన్ గీసిన బొమ్మ అచ్చుకి రాలేదు. అతను మళ్ళీ పంపాడు. ప్రింటర్ దగ్గరికి వచ్చి మూత తీసి చూశాడు, కాగితాలు సరిచేశాడు, తీగ బిగించాడు. గదిలో ఉన్నవాళ్ళందరికీ సంగతి అర్థమైంది. అందరి తలలూ పనిలోకి వంగాయి. అతను మరోసారి పంపడానికి తన బల్ల దగ్గరికి నడిచాడు. కుర్చీలోంచి లేచి అతని దగ్గరికి వెళ్ళే మనిషి మాలో ఒక్కరే ఉండేవారు. ఆయనకు నా శతకోటి నమస్కారాలు.