అరచేతిలో ఎవరిదో చిప్

ఆ రోజుల్లో ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగిందంటే, నా వార్తను ఎవరో మెచ్చుకోవడానికే అనుకునేవాణ్ణి. ఆ ఆదివారం చేసింది ఎంకపల్లి అక్క. "తమ్మీ, నా నౌకరి పోయేటట్టున్నది. నువ్వు తీసిన ఫొటోల, నా చేతిలున్న చిప్ మీద పేరు సాఫ్ కనవడుతున్నదంట" అంది. ఆ పేరు ఆమె కంపెనీది కాదు, పోటీ కంపెనీది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. చేవెళ్ళలో కిరాయి గదిలో ఉంటూ ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. (విలేకరిని ఊరంతా గుర్తుపడుతుంది, సాయంత్రం చాయ్‌కి మాత్రం ఎవరూ పిలవరు.) అక్క బెంగళూరు కంపెనీలో ఇంజినీరు. కరోనా వల్ల ఎంకపల్లిలో ఇంటినుంచే పనిచేసేది. కంప్యూటర్‌లో లెక్కలు చేసే భాగం, బొమ్మలు చూపే భాగం, ఇంకా ఎన్నో కలిపి ఒకే చిప్‌లో ఇమడ్చడం వాళ్ళ పని. వార్త కోసం ఒకసారి వెళ్ళినవాణ్ణి, వారానికి రెండుసార్లు వెళ్ళడం మొదలుపెట్టాను. "పొద్దుందాక ఆ డబ్బాతోనే ముచ్చట. మనుషులతోని మాట్లాడుడే మర్సింది బిడ్డ" అని వాళ్ళ అవ్వ వాపోయేది.

"లోపల అందరికి ఒకటే మెమొరీ తమ్మీ. అందరు ఒక్కసారే అడుగుతరు. ఎవలికి ముందియ్యాలె, ఎవల్ని ఆపాలె, ఆ వంతులు పెట్టుడు నా పని" అంది అక్క ఒకరోజు.

"అంటే బోరింగ్ కాడ బిందెల లైనా?"

"గదే! మా మేనేజర్ కంటె నువ్వే నయం" అని చాలాసేపు నవ్వింది. ఊళ్ళో ఆమె పని అర్థమైన మొదటి మనిషిని నేనేనట. ఆ మాటతో వారం రోజులు గాల్లో నడిచాను.

మా జిల్లా పేజీకి ఒక ఆచారం ఉండేది. ఖాళీ చేతుల మనిషి ఫొటో వేయరు. రైతు క్యారెట్లు పట్టుకోవాలి, ర్యాంకు పిల్ల మార్కుల కాగితం పట్టుకోవాలి. "చిప్ ఇంక తయారే కాలే, గీతలల్లనే ఉన్నది" అంది అక్క. నేను మొయినాబాద్ రిపేరు దుకాణంలో పాడైన కంప్యూటర్ నుంచి ఒక చిప్ ఊడదీయించి తెచ్చాను. "ఇది మాది కాదు కద" అంటే, "పేపర్ల గోరంత కనవడుతది అక్కా, ఎవలు సూస్తరు?" అన్నాను. 'తాను రూపొందించిన చిప్‌తో' అని కింద రాసిందీ నేనే. ఆదివారం పేజీలో జాగా మిగిలి, డెస్కువాళ్ళు ఫొటోను నాలుగు కాలమ్‌లకు పెంచారు.

సవరణ వేయమని నేను అడిగితే, "లేని చిప్‌కు ఏమని సవరణ వేయాలయ్యా?" అన్నాడు మా పేజీ ఇన్‌చార్జి. చివరికి నేనే ఆమె మేనేజర్‌కు, తప్పంతా నాదేనని వచ్చీరాని ఇంగ్లీషులో రెండు పేజీల ఉత్తరం రాశాను. (అందులో మా పేజీ ఆచారాన్నీ, క్యారెట్లతో సహా వివరించాను.) నౌకరి నిలిచింది. కానీ పని గురించి బయటివాళ్ళతో ఒక్క మాట మాట్లాడకూడదని షరతు పెట్టారు. తర్వాత వెళ్ళినప్పుడు వానల గురించి, వాళ్ళ ఊరి చర్చికి వేయబోయే కొత్త రేకుల గురించి మాట్లాడుకున్నాం. "ఇంకేంది తమ్మీ?" అంది అక్క. చాయ్ తాగి లేచాను.

ఇప్పుడు నేను సిటీ డెస్కులో ఉన్నాను. విలేకరులు పంపే ఫొటోలను పదిసార్లు పెద్దవి చేసి చూస్తుంటే కుర్రవాళ్ళు చాదస్తమని నవ్వుకుంటారు, నేనూ నవ్వుతాను. అప్పట్లో గీతల్లోనే ఉన్న అక్కవాళ్ళ చిప్ మార్కెట్లోకి వచ్చింది. అక్క పెట్టిన వంతులు అందులో ఉన్నాయో, మధ్యలో ఎవరైనా మార్చేశారో నాకు తెలియదు. ఆమె చెప్పకూడదు, నేను అడగలేదు.